పియానో కాగితం ఏ శ్రుతిలో ఉంది?

చిన్నీ,

నువ్వు డబుల్ బేస్ పట్టుకెళ్తున్న మాస్టర్‌క్లాసులో, అంటే పెద్ద గురువు అందరి ముందూ పాఠం చెప్పే తరగతిలో, ఒక్కొక్కరికి వచ్చేది ఇరవై నుంచి నలభై నిమిషాలు. అందులో పావుగంట శ్రుతికీ సర్దుకోవడానికీ పోతే గురువుగారు చెప్పేదానికి మిగిలేదేముంది? అందుకే ముందు పియానో కాగితం, అంటే నీకు తోడు వాయించే పియానిస్టు స్వరాల కాగితం, చూడు.

ఇటలీ బేస్ వాద్యకారుడు బొట్టెసీని రాసిన రెండో కాంచెర్టోలో (ఆర్కెస్ట్రాతో సోలో వాయించే రచన) డబుల్ బేస్ కాగితం ఏ (A) మైనర్‌లో ఉంటుంది. ఈ (E), ఏ (A), డీ (D), జీ (G) అనే ఆర్కెస్ట్రా శ్రుతిలో వాయిస్తే అలాగే పలుకుతుంది. ఎఫ్ షార్ప్, బీ, ఈ, ఏ అనే సోలో శ్రుతిలో అదే కాగితం చూసి వాయిస్తే బీ మైనర్ అవుతుంది. పియానో కాగితం రెండింటికీ దొరుకుతుంది. తప్పుది పట్టుకెళ్తే మొదటి స్వరానికే ఇద్దరి దారీ వేరైపోతుంది. అక్కడికక్కడ మార్చి వాయించే పియానిస్టు అందరికీ దొరకరు.

ఆర్కెస్ట్రా తీగల్నే ఆ ఉదయం పైకి బిగించి సోలో శ్రుతికి తేవాలని మాత్రం చూడకు. ఒక టోన్ పెంచితే బిగువు పావు వంతుకు పైగా పెరుగుతుంది. తీగ సాగుతూ శ్రుతి దిగుతూనే ఉంటుంది, తీగల్ని మోసే బ్రిడ్జి పైఅంచు ఫింగర్‌బోర్డు వైపు వాలుతుంది. సోలో తీగలే వేసి, కనీసం వారం ముందు నుంచి ఆ శ్రుతిలోనే సాధన చెయ్యి. తీగలు మార్చేటప్పుడు ఒక్కొక్కటిగానే మార్చు. నాలుగూ ఒకేసారి వదిలేస్తే బేస్ లోపల నిలబెట్టిన సౌండ్‌పోస్ట్ అనే చిన్న కర్ర పడిపోవచ్చు, దాన్ని నిలబెట్టడం నీ పని కాదు.

బేస్ కింద నేలకి ఆనే ఎండ్‌పిన్ ఎత్తు ఆ రోజు వేసుకునే చెప్పులతోనే చూసుకుని, పెన్సిల్‌తో గీత పెట్టుకో. నున్నటి వేదిక మీద ఎండ్‌పిన్ జారుతుంది కాబట్టి రబ్బరు బిళ్ళో, కుర్చీ కాలికి తగిలించే పట్టీయో ఉండాలి. కమానుకి రాసే బేస్ రోజిన్ మెత్తన, ఎండలో కారులో వదిలితే కారిపోతుంది.

రచన మొత్తం అక్కర్లేదు, మూడు నాలుగు నిమిషాల భాగం చాలు, ఎలాగూ మధ్యలో ఆపుతారు. బాగా వచ్చిన చోటు కాదు, చిక్కున్న చోటు ఎంచుకో. గురువుగారికి బార్ నంబర్లున్న స్కోరు ఒకటి విడిగా ఇవ్వు. ఆయన ఒక మాట చెప్పగానే "అవునండీ, ఇంట్లో అలాగే వస్తుంది" అనకు. వెంటనే వాయించి చూపించు. రికార్డు చేసుకోవాలంటే ముందే అడుగు.

మిగతావాళ్ళ వంతు వచ్చినప్పుడు కుడి చేతిని చూడు. కమాను బ్రిడ్జికి ఎంత దగ్గరగా ఉంది, ఎంత పొడవు వాడారు, తీగ మారేటప్పుడు మోచెయ్యి ముందు కదిలిందా, వెనకా? ఎడమ చేతిని అందరూ చూస్తారు, నాదం మాత్రం కుడి చేతిదే.

కచేరీ వినడానికి వెళ్తే గోడకీ మూలకీ ఆనుకున్న సీటు వద్దు. బేస్‌లో అన్నిటికన్నా కింది స్వరం పలికే ఈ (E) తీగ పలికేది దాదాపు 41 హెర్ట్జ్, ఆ అల పొడవు ఎనిమిది మీటర్ల పైమాట. గోడల దగ్గర అలాంటి స్వరాలు ఉబ్బి, కమాను పలుకు మసకబారుతుంది. హాలు నడిమి భాగమే మేలు. బేస్‌లు చాలా ఆర్కెస్ట్రాల్లో మన కుడివైపు, చెల్లోల వెనక ఉంటాయి. వియన్నా ఫిల్హార్మోనిక్ వాళ్ళు తమ హాలు మూజిక్‌ఫెరైన్‌లో వెనక వరుస మధ్యలో నిలబెడతారు. బేతోవెన్ ఐదో సింఫనీ మూడో భాగంలో చెల్లోలూ బేస్‌లూ పరుగు మొదలుపెట్టే చోట ప్రతి స్వరం విడిగా వినపడకపోతే, విరామంలో సీటు మార్చుకోవచ్చేమో అడుగు.

అమ్మ