డీవీడీల నుంచి డీసీపీల తయారీ: డిజిటైజేషన్ విభాగం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

డీవీడీల్లో మాత్రమే మిగిలిన చిత్రాలను థియేటర్ సర్వర్‌కు ఎక్కే డీసీపీలుగా (డిజిటల్ సినిమా ప్యాకేజీలు, అంటే థియేటర్లలో ఆడించే ఫైళ్ల కట్ట) మార్చడమే ఈ ఏడాది మన ఫిల్మ్ సొసైటీలో ఈ విభాగం చేసిన ముఖ్యమైన పని. హక్కుదారులు రాతపూర్వకంగా అనుమతించిన చిత్రాలనే తీసుకుంటున్నాం. డీవీడీకన్నా మంచి మాస్టర్ (మూల ప్రతి) ఉందేమో ముందు వాళ్లనే అడుగుతాం. డీవీడీ చివరి దిక్కు మాత్రమే.

డిస్క్‌ను మధ్య నుంచి అంచు వైపు తిన్నగా, మెత్తటి బట్టతో తుడవాలి. గుండ్రంగా తిప్పుతూ తుడిస్తే పడే గీతలు ట్రాక్ వెంబడి సాగి ఎక్కువ నష్టం చేస్తాయి. పాడైన చోట మామూలు కాపీ ఆగిపోతుంది. డీడీరెస్క్యూ అనే కాపీ సాఫ్ట్‌వేర్ అయితే చదవగలిగినదంతా ముందు తీసి, చెడిన సెక్టార్లను తర్వాత మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. డీవీడీలో చిత్రం ఉండే వీఓబీ ఫైళ్లు 1 జీబీ లోపు ముక్కలుగా ఉంటాయి. వాటిని విడివిడిగా మార్చి అతికిస్తే శబ్దం తప్పుతుంది కాబట్టి, టైటిల్ మొత్తాన్ని మళ్లీ కంప్రెస్ చేయకుండా ఒకే ఎంకేవీ ఫైలుగా తీయాలి.

అసలు కష్టం ఫ్రేమ్ రేటు దగ్గర. సెకనుకు 24 ఫ్రేముల సినిమాను పాల్ (భారత్, యూరప్‌ల టీవీ పద్ధతి) డిస్క్‌లోకి ఎక్కించేటప్పుడు సాధారణంగా 25కు పెంచుతారు. దాన్ని 24కు దించితే 96 నిమిషాల డిస్క్ 100 నిమిషాలవుతుంది, సన్నబడిన గొంతులు కూడా అసలు స్థాయికి వస్తాయి. కొన్ని డిస్క్‌లలో స్వరం ముందే సరిచేసి ఉంటుంది. అది చెవితో విని తేల్చుకోవాల్సిందే.

ఎన్‌టీఎస్‌సీ (అమెరికా, జపాన్‌ల టీవీ పద్ధతి) డిస్క్‌ను ఒక్కో ఫ్రేమూ జరుపుతూ చూడండి. కదలిక ఉన్న దృశ్యంలో ప్రతి ఐదింటిలో రెండు ఫ్రేముల్లో దువ్వెన పళ్లలాంటి గీతలు కనిపిస్తే అది పుల్‌డౌన్, అంటే 24 ఫ్రేములను 30గా సాగదీసిన పద్ధతి. దానికి ఇన్వర్స్ టెలిసినీ చేయాలి, అంటే అసలు ఫ్రేములను తిరిగి రాబట్టాలి. డీఇంటర్‌లేస్ (దువ్వెన గీతలను మాత్రమే తీసేయడం) చేస్తే గీతలు పోతాయి గానీ కుదుపు మిగిలిపోతుంది. ఇన్వర్స్ టెలిసినీతో వచ్చిన సెకనుకు 23.976 ఫ్రేముల చిత్రాన్ని 24గా నడిపేటప్పుడు శబ్దం వేగాన్నీ అంతే పెంచకపోతే, రెండు గంటల చిత్రం చివరికి పెదవులకూ మాటకూ మధ్య 7 సెకన్ల తేడా వస్తుంది. కదిలే ప్రతి ఫ్రేములోనూ గీతలుంటే అది వీడియో కెమెరాతో తీసినది. దాన్ని డీఇంటర్‌లేస్ చేసి 30 ఫ్రేముల డీసీపీగా చేయడం మేలు, కాకపోతే పాత సర్వర్లు కొన్ని 24 తప్ప తీసుకోవు.

డీవీడీ పిక్సెళ్లు చతురస్రాలు కావు. ఆ సంగతి మరిస్తే పున్నమి చంద్రుడు కోడిగుడ్డులా కనిపిస్తాడు. 4:3 చిత్రాన్ని డీసీపీ ప్రమాణాల్లో ఒకటైన 1998x1080 ఫ్లాట్ చట్రంలో 1440x1080గా మధ్యలో ఉంచుతున్నాం. తెర నింపాలని తలలు కోయడం మాకు సమ్మతం కాదు. రంగుల మ్యాట్రిక్స్ (రంగులను లెక్కకట్టే సూత్రం) డీవీడీకి తగిన 601గా ఉందో లేదో చూసుకోవాలి, హెచ్‌డీకి వాడే 709గా ఉంటే మనుషుల ఛాయ మారిపోతుంది. బిట్‌రేటు సెకనుకు 250 మెగాబిట్ల వరకూ పెట్టవచ్చు గానీ, డీవీడీ మూలానికి 100 చాలు. అప్పటికే రెండు గంటల చిత్రం 90 జీబీ అవుతుంది.

శబ్దం 48 కిలోహెర్ట్జ్, 24 బిట్. మోనో చిత్రాన్ని సెంటర్ స్పీకర్‌కే పంపాలి. ఎడమ, కుడికి పంపితే పక్క సీట్లవాళ్లకు మాట తెర మధ్య నుంచి కాక దగ్గరి స్పీకర్ నుంచి వినిపిస్తుంది.

డీసీపీ తయారయ్యాక అందులో ఏ ఫైలునూ ముట్టుకోవద్దు. ఒక్క అక్షరం మారినా హ్యాష్ (ఫైలు మారలేదని సరిచూసే సంకేతం) సరిపోలక సర్వర్ తిరస్కరిస్తుంది.

డిస్క్‌లు ఇచ్చే సభ్యులకు ఒక విన్నపం: ఒకే చిత్రం పాల్, ఎన్‌టీఎస్‌సీ రెండింటిలోనూ ఉంటే రెండూ తీసుకురండి. పాల్‌లో బొమ్మకు 480 బదులు 576 అడ్డ వరుసలుంటాయి, పుల్‌డౌన్ బెడదా ఉండదు.