టైమ్‌టేబుల్‌లో ఆటకి రెండు సాయంత్రాలు వదలండి

ఎడిటర్ గారికి నమస్కారం అండి,

నేను గుంటూరు అమ్మాయిని, బీటెక్ థర్డ్ ఇయర్ ఈసీఈ, రోజూ కాలేజీ బస్సులో హైవే మీద పోయొచ్చే డే స్కాలర్‌ని. కాలేజీ పేరు రాయట్లేదు, ఎందుకంటే ఇది మా ఒక్క కాలేజీ గొడవ కాదు, బెజవాడ గుంటూరు మధ్యలో ఎవర్ని కదిపినా దాదాపు ఇదే చెప్తారు, పైగా నాకింకా ఏడాదిన్నర చదువు మిగిలుంది మరి.

విషయం ఏంటంటే ఫస్ట్ రెండేళ్లు మా టైమ్‌టేబుల్‌లో గురువారం చివరి పీరియడ్ దగ్గర గేమ్స్ అని రాసుండేది. ఆ పీరియడ్‌లో నేను గ్రౌండ్‌లో అడుగుపెట్టింది మహా అయితే నాలుగైదు సార్లు, అదీ మిడ్స్, అంటే సెమిస్టర్ మధ్య పరీక్షలు, అయిపోయిన వారంలో. మిగతా గురువారాలన్నీ ఎవరో ఒక సారో మేడమో వచ్చి "యూనిట్ త్రీ మిగిలిపోయిందమ్మా, ఈ ఒక్కసారికి కూర్చోండి" అనేవాళ్లు, ఆ ఒక్కసారి సెమిస్టర్ మొత్తం సాగేది. థర్డ్ ఇయర్‌కి వచ్చాక ఆ మాట కూడా ఎగిరిపోయింది, ఆ గడిలో సీఆర్టీ అని వచ్చింది, అంటే ప్లేస్‌మెంట్ ట్రైనింగ్, రెండు రైళ్లు ఎదురెదురుగా వస్తే ఎన్ని సెకన్లలో దాటుకుంటాయి అనే లెక్కలు.

నేను ఆడేది బాల్ బ్యాడ్మింటన్. షటిల్ కాదండి, చెప్తే చాలామంది షటిలే అనుకుంటారు. పసుపురంగు ఉలెన్ బంతి, వైపుకి ఐదుగురు, మన ఊళ్లలో సాయంత్రం హైస్కూల్ గ్రౌండ్‌లో పెద్దవాళ్లు లుంగీలు ఎగ్గట్టి ఆడిన ఆట, మా తాతయ్య కూడా ఆడాడు. పొద్దున్నే ప్రాక్టీస్ చేసుకోవచ్చు కదా అని మా హెచ్ఓడీ గారు ఒకసారి సలహా ఇచ్చారు. సార్ మంచి మనసుతోనే అన్నారు గానీ ఆ బంతి ఉన్ను బంతి, డిసెంబర్‌లో పొద్దున ఆరింటికి గ్రౌండ్ అంతా మంచు, రెండు సార్లు గడ్డి మీద పడిందంటే తడిసి బరువెక్కిపోద్ది, ఇంక కొడితే ముందుకు పోదు, బ్యాట్ గట్స్ మీద తడి ముద్ర మాత్రం పడుద్ది. అయినా ఏడుంపావుకి బస్సెక్కాల్సినోళ్లం ఆరింటికి కాలేజీ గ్రౌండ్‌కి ఎట్లా వస్తాం చెప్పండి.

సాయంత్రం సంగతి ఇంకా బాగుంటది. లాస్ట్ పీరియడ్ 4:40కి అయిపోద్ది, బస్సు 4:50కి కదిలిపోద్ది. పది నిమిషాలు. ఆ పది నిమిషాల్లో పీడీ సార్, అంటే ఆటల సార్, రూమ్‌కి పరిగెత్తి నెట్ తీసుకుని, పోల్స్‌కి కట్టి, మళ్లీ విప్పి... ఒకసారి నిజంగానే ట్రై చేశాం, నెట్ సగం కట్టేసరికి బస్సు హారన్. హాస్టల్ అమ్మాయిలు ఉండొచ్చుగా అంటారు, వాళ్లకి ఆరింటికి ఇన్‌టైమ్, స్నానానికి లైను, రికార్డులు రాసుకోవడం, వాళ్ల తిప్పలు వాళ్లవి. మొత్తానికి కిందటేడు ఇంటర్ కాలేజియేట్ మీట్‌కి వెళ్లాం. మా ఐదుగురం ఒకే కోర్టులో ఒకేసారి నిలబడింది ఆ రోజే ఫస్ట్ టైమ్ అంటే నమ్ముతారా. మధ్యలో పడ్డ బంతి నాది అని నేను, తనదని వెనకున్న అమ్మాయి, ఇద్దరం ఒకేసారి ఊపాం, బ్యాట్లు ఠంగుమని కొట్టుకున్నాయి, బంతి మా ఇద్దరి మధ్య హాయిగా కిందపడింది. నా ఫ్రేమ్ మీద ఆ సొట్ట ఇంకా ఉంది. ఫస్ట్ రౌండ్‌లోనే ఇంటికొచ్చాం.

ఈ మాట ఎత్తితే పెద్దవాళ్లందరూ ఒకటే అంటారు, మరి జ్యోతి సురేఖ చదువుకోలేదా, బీటెక్ చేస్తూనే ఆర్చరీ ఆడలేదా అని. నిజమే, మన బెజవాడ అమ్మాయి, 2023లో హాంగ్‌ఝౌ ఏషియన్ గేమ్స్‌లో మూడు గోల్డ్ మెడల్స్ కొట్టింది, ఆమెని చూస్తే నాకూ గర్వమే. గుంటూరు నుంచి హరికృష్ణ, హారిక చెస్‌లో గ్రాండ్‌మాస్టర్లు అయ్యారు (చెస్ అయితే లాస్ట్ బెంచ్‌లో ఫోన్‌లో కూడా ఆడేసుకోవచ్చు, మావాళ్లు ఆడతారు కూడా). కానీ అది వేరండి. ఆ లెవెల్‌కి వెళ్లినోళ్లకి ఏ కాలేజీ అయినా అటెండెన్స్ సర్దుద్ది, ఫ్లెక్సీ కూడా కడుద్ది. మేం అడిగేది మెడల్ రానివాళ్ల గురించి. నాకు మెడల్ రాదు, ఆ సంగతి నాకు తెలుసు. మెడల్ రానివాళ్లకి సాయంత్రం ఓ గంట చెమట పట్టే హక్కు ఉందా లేదా అన్నదే నా ప్రశ్న.

బ్రిటన్‌లో చాలా యూనివర్సిటీల్లో బుధవారం మధ్యాహ్నం తర్వాత క్లాసులు పెట్టకూడదని ఎప్పట్నుంచో ఆనవాయితీ ఉంది. ఆ పూట యూనివర్సిటీల మధ్య మ్యాచ్‌లు జరుగుతాయి, టీమ్‌లో లేనివాళ్లు కూడా ఏదో ఒక క్లబ్‌లో ఆడుకుంటారు. అక్కడా కొన్ని చోట్ల ఆ ఖాళీలోకి మెల్లగా క్లాసులు దూరుతుంటే స్టూడెంట్ యూనియన్లు అడ్డం పడుతున్నాయి, మా పూట మాకు వదలండి అని. అది చదివాకే మాకూ అడగాలనిపించింది. అలాగని దాన్ని తెచ్చి ఇక్కడ దించితే కుదరదు, బెజవాడలో మధ్యాహ్నం రెండింటికి గ్రౌండ్‌లోకి వదిలితే ఆట సంగతేమో గానీ సెలైన్ బాటిళ్లు కావాలి. మనకి సాయంత్రమే కావాలి, అదీ డిసెంబర్‌లో ఐదున్నర దాటితే వెలుతురు ఉండదు.

అందుకే మేం అడిగేది చిన్నది. వారంలో రెండు రోజులు చివరి పీరియడ్ ఎత్తేయండి, 3:50కి వదిలేస్తే నాలుగింటి నుంచి ఐదుంపావు దాకా ఆడతాం. గంటా పావు, రెండు రోజులకి కలిపి 150 నిమిషాలు. పద్దెనిమిదేళ్లు దాటినవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్లు కదిలించాలని డబ్ల్యూహెచ్ఓ చెప్పే లెక్క సరిగ్గా అదే, మేం ముందే చూసుకుని వేసింది కాదు, తర్వాత కూడితే అలా వచ్చింది. పోయేది రెండు పీరియడ్లు, అందులో ఒకటి ఎప్పుడో గేమ్స్ అని రాసి మళ్లీ లాక్కున్నదే. ఇంజనీరింగ్ కాలేజీలకి రూల్స్ పెట్టే ఏఐసీటీఈ వాళ్లు ఫస్ట్ ఇయర్‌లో చేరగానే పెట్టమన్న మూడు వారాల ఇండక్షన్ ప్రోగ్రామ్‌లో రోజూ ఫిజికల్ యాక్టివిటీ ఉండాలని ఉంది, మాకూ పెట్టారు, యోగా చేయించారు, ఫొటోలు దిగాం. మూడు వారాలకి పనికొచ్చిన ఒళ్లు నాలుగేళ్లకి ఎందుకు పనికిరాదో నాకు అర్థం కాదు.

లెక్చరర్లని తిట్టాలని కాదు. వాళ్ల బాధ వాళ్లకి ఉంది, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరదొచ్చి సెలవులిస్తే ఆ పోర్షన్ అంతా ఆదివారాలు పెట్టి లాక్కొచ్చారు, సిలబస్ మిగిలితే ముందు అడిగేది వాళ్లనే. ఒక మేడమ్ అయితే నాతో నేరుగా అన్నారు, నేను వదిలేస్తానమ్మా, కానీ నేను వదిలితే ఇంకొకరు వచ్చి తీసుకుంటారు అని. అదే అసలు సంగతి. ఎవరి మంచితనం మీదో ఆధారపడితే ఆ పీరియడ్ నిలవదు, ఏ క్లాసూ ల్యాబూ సీఆర్టీ పెట్టకూడదని పైనుంచే రాసి రావాలి. నాగార్జున యూనివర్సిటీ, కృష్ణా యూనివర్సిటీ, జేఎన్‌టీయూ కాకినాడ, వీళ్లందరూ ఏటా అకడమిక్ క్యాలెండర్ ఇస్తారు కదా, మిడ్స్ డేట్లు రాసే ఆ కాగితంలోనే ఈ రెండు సాయంత్రాల మాట ఒక్క లైను రాస్తే కాలేజీలు చచ్చినట్టు వింటాయి. ఆగస్టు 29న క్రీడా దినోత్సవం అని హాకీ ధ్యాన్‌చంద్ ఫొటోకి దండ వేసి టగ్ ఆఫ్ వార్ పెట్టడం కంటే అది మేలు.

మేం క్యాంటీన్ దగ్గర లాంగ్ నోట్‌బుక్ పెట్టి సంతకాలు తీసుకుంటున్నాం. ఆడేవాళ్లే పెడతారనుకున్నా, కాదు, కేరమ్స్ కూడా ముట్టనివాళ్లు వచ్చి పెట్టారు, ఒకబ్బాయి "నేను ఆడనక్కా, ఊరికే చెట్టుకింద కూర్చుంటా, పర్లేదా" అన్నాడు. పర్లేదు అన్నా. నోట్‌బుక్ సగం నిండింది, మొత్తం నిండాక ప్రిన్సిపాల్ గారికి ఒక కాపీ, యూనివర్సిటీకి ఒక కాపీ ఇస్తాం.

ఇంక మిగిలింది బస్సు. అదేం పెద్ద ఖర్చు కాదండి, ఆ రెండు రోజులు 5:30కి రెండు బస్సులు ఆపితే చాలు, ఒకటి పెదకాకాని మీదుగా గుంటూరు బస్టాండ్‌కి, ఇంకోటి మంగళగిరి, తాడేపల్లి, వారధి మీదుగా బెంజి సర్కిల్‌కి. మా బస్సు డ్రైవర్ అన్నని ఆల్రెడీ అడిగాను. ఓవర్‌టైమ్ డబ్బులు ఇప్పించమ్మా, ఏడింటి దాకా అయినా ఉంటా అన్నాడు.

ఇట్లు,
ఒక బీటెక్ విద్యార్థిని, గుంటూరు