తెరవని ఉత్తరం చేరినట్టేనా?

సంపాదకులకు,

అయ్యా,

ప్రభుత్వ కార్యాలయాల నుంచి పౌరులకు వెళ్లే నోటీసులు, ఉత్తర్వులు, పన్ను లెక్కలు ఇకమీదట తపాలాలో కాకుండా ఎలక్ట్రానిక్ పద్ధతిలోనే పంపాలన్న ఆలోచన అనేక దేశాల్లో బలపడుతోంది. దీనివల్ల ఖర్చు తగ్గుతుందనీ, జాప్యం పోతుందనీ అంటే నేను కాదనను. అయితే ఉద్యోగ జీవితంలో చాలా ఏళ్లు ఆఫీసు ఉత్తరాలు బయటికి పంపే డిస్పాచ్ సెక్షన్‌లో గడిపినవాడిగా నన్ను పట్టి పీడిస్తున్న సంగతి వేరే ఉంది: ఉత్తరం 'చేరింది' అని ఎప్పుడు అనాలి, ఆ మాట ఎవరు అనాలి?

ఈ మార్పు ఎంతదాకా వెళ్లగలదో డెన్మార్క్‌ను చూస్తే తెలుస్తుంది. అక్కడ 2014 నవంబరు 1 నుంచి 15 ఏళ్లు నిండిన పౌరులకు 'డిజిటల్ పోస్ట్' అనే మెయిల్‌బాక్స్ తప్పనిసరి అయింది. 2000లో సుమారు 140 కోట్లుగా ఉన్న ఉత్తరాల సంఖ్య 2024 నాటికి 11 కోట్లకు పడిపోయింది. నాలుగు శతాబ్దాలుగా ఉత్తరాలు పంచిన తపాలా వ్యవస్థ 2025 డిసెంబరు 30తో ఆ పని విరమించుకుంది. కంప్యూటర్ వాడలేని వారికీ, వైకల్యం ఉన్నవారికీ అక్కడ మినహాయింపు ఉంది, తమ ఉత్తరాలు చదివే అధికారాన్ని నమ్మకస్తులకు అప్పగించే వీలూ ఉంది. ఇవి మెచ్చుకోదగ్గ ఏర్పాట్లే. కానీ మినహాయింపు లేనివారి విషయంలో, ఉత్తరం మెయిల్‌బాక్స్‌లో పడితే చాలు, అందినట్టే లెక్క. తెరిచి చూశారా లేదా అన్నదానితో చట్టానికి పని లేదు.

కాగితం కాలంలోనూ ఇటువంటి భావన లేకపోలేదు. సరైన చిరునామా రాసి, రుసుము చెల్లించి రిజిస్టర్డ్ పోస్టులో వేసిన పత్రం, కాదని రుజువైతే తప్ప, మామూలుగా చేరవలసిన సమయానికి చేరినట్టే భావించాలని భారతదేశపు 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం కూడా చెప్పింది. అయితే ఆ భావన వెనుక ఒక మనిషి వచ్చి తలుపు తట్టడం ఉండేది, సంతకంతో తిరిగొచ్చే అక్‌నాలెడ్జ్‌మెంట్ కార్డు ఉండేది. అంతకన్నా ముఖ్యంగా, 'తలుపు తాళం', 'ఈ చిరునామాలో లేరు' అన్న రాతతో వెనక్కి వచ్చే కవరు ఉండేది. ఆ కవరు మా బల్ల మీద పడిందంటే, ఉత్తరం చేరలేదన్న సంగతి పంపినవారికే ముందు తెలిసేది. మళ్లీ పంపడమో, మనిషి చేత ఇప్పించడమో తప్పేది కాదు. (విసుక్కుంటూనే చేసేవాళ్లం, అది వేరే మాట.)

మెయిల్‌బాక్స్‌లో ఒకసారి పడిన ఎలక్ట్రానిక్ ఉత్తరానికి ఇలా వెనక్కి రావడమనేది లేదు. ఫోన్ నంబరు మారినవారికీ, ఆసుపత్రిలో మంచాన పడినవారికీ, పాస్‌వర్డ్ మరిచిపోయినవారికీ వచ్చిన నోటీసు అక్కడే చడీచప్పుడూ లేకుండా పడి ఉంటుంది, అప్పీలు గడువు మాత్రం నడుస్తూనే ఉంటుంది. విచిత్రమేమిటంటే, ఉత్తరం తెరిచారో లేదో, ఏ నిమిషాన తెరిచారో తెలుసుకోవడం ఈ యంత్రాలకు పోస్ట్‌మ్యాన్ కంటే సులువు. తెలిసిన ఆ సమాచారాన్ని గ్రహీత మేలుకు వాడకపోవడమే నా అభ్యంతరం.

అన్ని ఉత్తరాలూ ఒక్కటి కావు కూడా. పోలీసులు హాజరు కమ్మని ఇచ్చే నోటీసును వాట్సాప్‌లో పంపితే సరిపోదని భారత సుప్రీంకోర్టు 2025లో స్పష్టం చేసింది. వ్యక్తి స్వేచ్ఛకు ముడిపడిన కాగితానికి ఇచ్చిన ఆ గౌరవాన్ని, ఇంటినీ పింఛనునూ పోగొట్టగల కాగితాలకు కూడా ఇవ్వాలి.

కాబట్టి గడువును ఉత్తరం తెరిచిన రోజు నుంచి లెక్కించాలి. 15 రోజులు దాటినా తెరవకపోతే కాగితపు ప్రతి దానంతటదే రిజిస్టర్డ్ పోస్టులో బయలుదేరాలి. ఉత్తరం వచ్చిందని తెలిపే ఎస్సెమ్మెస్‌లో లింకు ఉండకూడదు, ఎందుకంటే మోసగాళ్లు మొదట అనుకరించేది దాన్నే. గడువు తప్పించుకోవడానికి కావాలనే తెరవనివారు ఉంటారన్న సందేహం సహజమే. వారి ఇంటికి కాగితపు ప్రతి వెళ్లిన తరువాత రిజిస్టర్డ్ పోస్టుకున్న పాత నియమమే వారికీ వర్తిస్తుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత డిస్పాచ్ గుమాస్తా