టీవీ గోడకు బిగిస్తే పని అయిపోయినట్టేనా?

సంపాదకుల వారికి నమస్కారం.

వినాయక చవితి మొదలు దీపావళి దాకా మా తిరుపతిలో ఏ టీవీ షాపు చూసినా ఆఫర్ల బోర్డులే. కొన్నవాళ్ల ఇంటికి మనిషి వస్తాడు, గోడకు బిగిస్తాడు, సెట్‌టాప్ బాక్స్ కలుపుతాడు, బొమ్మ రాగానే వెళ్లిపోతాడు. ఆ బొమ్మ సరిగ్గా ఉందో లేదో చూసే నాథుడు లేడు. షాపుల వాళ్లకు, కంపెనీల వాళ్లకు ఈ మాట మీ పత్రిక ద్వారా చెప్పాలని రాస్తున్నాను.

నేను చాలా ఏళ్లు ఇక్కడి ఒక కలర్ ల్యాబ్‌లో పెళ్లి ఫొటోల రంగులు సరిచూసే పని చేశాను. పట్టుచీర అంచు రంగు కాస్త మారినా పెళ్లికూతురి తల్లి ఒప్పుకునేది కాదు, ఆల్బం వెనక్కి వచ్చేది. అంత పట్టింపు ఉన్నవాళ్లు కూడా టీవీలో మొహాలు టమాటా పండ్లలా కనిపిస్తుంటే కిమ్మనరు. కొత్త టీవీ అంటే ఇంతే కాబోలు అని సరిపెట్టుకుంటారు.

షాపులో లైట్ల మధ్య పక్క టీవీని మించి కొట్టొచ్చినట్టు కనపడాలని వివిడ్ అనో డైనమిక్ అనో ఒక పిక్చర్ మోడ్ పెడతారు. అందులో వెలుగు, రంగు, షార్ప్‌నెస్ (అంచుల పదును) అన్నీ ఎక్కువే. తెలుపు నీలం వైపు తిరుగుతుంది. అమ్ముకోవడానికి అది పనికొస్తుందేమో గానీ, రాత్రిపూట చిన్న హాల్లో కూర్చుని చూసేవాళ్ల కళ్లకు అది శిక్ష.

మా అత్తగారికి కంట్లో శుక్లాలు తీశారు. గరుడ సేవకు కొండకు పోలేరు, ఆమెకు టీవీలోనే దర్శనం. పోయిన బ్రహ్మోత్సవాల్లో కొత్త టీవీ ముందు కాసేపు కూడా కూర్చోలేకపోయారు, కళ్లలో నీళ్లు కారాయి. బంగారు గరుడుడు నారింజ రంగుకు తిరిగాడు. శ్రీవిల్లిపుత్తూరు నుంచి వచ్చిన గోదాదేవి మాలల్లో తులసి చిలకపచ్చగా వెలిగిపోతోంది. స్వామివారి మకరకంఠి హారం మీద పనితనం ఒక్కటీ కనపడదు, అక్కడ తెల్లటి మచ్చ ఉంది అంతే. వాహనం అంచు వెంబడి సన్నటి తెల్ల గీత. అది కెమెరా తీసింది కాదు, షార్ప్‌నెస్ ఎక్కువై టీవీ గీసింది. బిగించిన కుర్రాడికి ఫోన్ చేస్తే, "అది కంపెనీ సెట్టింగ్ సార్, ముట్టుకోవద్దు" అన్నాడు.

ముట్టుకోవచ్చు. భయపడాల్సింది ఏమీ లేదు. మోడ్‌ను సినిమా లేదా మూవీకి మారిస్తే సగం జబ్బు అక్కడే నయమవుతుంది. కలర్ టెంపరేచర్, అంటే తెలుపు నీలం వైపు ఉండాలా పసుపు వైపు ఉండాలా అనే సెట్టింగ్, వార్మ్‌లో పెట్టాలి. మొదట్లో పసుపుగా అనిపించినా కొద్దిరోజుల్లో కన్ను అలవాటు పడుతుంది. టీవీ ప్రసారాల్లో తెలుపుకు ప్రమాణం 6500 కెల్విన్, వార్మ్ దాని దగ్గరికి తెస్తుంది. ఆ తెల్ల గీత పోయేదాకా షార్ప్‌నెస్ తగ్గించాలి. రాత్రికి బ్యాక్‌లైట్, అంటే తెర వెనక వెలుగు, దించాలి, కొన్ని కంపెనీలు దానికే బ్రైట్‌నెస్ అని పేరు పెట్టాయి. కరెంటు కూడా కలిసొస్తుంది. సెట్‌టాప్ బాక్స్‌కు సరిచేసింది యూట్యూబ్‌కు వర్తించని టీవీలు చాలా ఉన్నాయి, అక్కడ మళ్లీ చేసుకోవాలి.

సినిమాలు చూసేవాళ్లకు ఇంకొక మాట. సినిమా సెకనుకు 24 ఫ్రేముల్లో తీస్తారు. ట్రూమోషన్, మోషన్‌ఫ్లో లాంటి పేర్లతో టీవీ ఆ ఫ్రేముల మధ్య లేనివి పుట్టించి దూరుస్తుంది. దాంతో ఎంత ఖర్చు పెట్టి తీసిన పెద్ద సినిమా అయినా సీరియల్ లాగా కనిపిస్తుంది. క్రికెట్‌కు కావాలంటే ఉంచుకోండి, సినిమాకు ఆపేయండి. ఇలాంటివన్నీ ఒక్క నొక్కుతో ఆగిపోయేలా 2019లో ఫిల్మ్‌మేకర్ మోడ్ అని ఒకటి ప్రకటించారు. మీ టీవీలో ఉంటే అదే మేలు.

టీవీ మొదటిసారి ఆన్ చేసినప్పుడు ఇల్లా, షాపా అని అడుగుతుంది. షాపు అని నొక్కితే మనం మార్చినవి నిలవకుండా పోవచ్చు. కాబట్టి బిగించే మనిషే హోమ్ అని నొక్కి, మోడ్ మార్చి, ఇంట్లో పెద్దవాళ్లను ఎదురుగా కూర్చోబెట్టి వెలుగు సరిపోయిందా అని అడిగి వెళ్లాలి. పది నిమిషాల పని. వేలకు వేలు పోసి కొన్నవాళ్లకు ఆ మాత్రం చేయరా? కంపెనీలు డబ్బాలో ఇన్ని కాగితాలు పెడుతున్నాయి, వాటితో పాటు తెలుగులో ఒక అరపేజీ పెడితే ఇంకా మంచిది. ఈసారి బ్రహ్మోత్సవాల లోపే మా ఊరి షాపులు ఈ పని మొదలుపెట్టాలని కోరుతున్నాను.

— ఒక కలర్ ల్యాబ్ విశ్రాంత ఉద్యోగి,
కొర్లగుంట, తిరుపతి