విదేశాల్లో ఉన్న మీ పిల్లల వంటగదుల గురించి మా షాపు నుంచి

బరంపురంలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ మా దగ్గర వంటగది పని చేయించుకున్నవాళ్లకు, చేయించుకోబోయేవాళ్లకు నమస్కారం.

ఈ నెల నుంచి మా షాపులో ఒక విషయం కచ్చితంగా పాటించబోతున్నాం. అమెరికా, ఇంగ్లండ్, గల్ఫ్, ఆస్ట్రేలియాల్లో ఉన్న మీ పిల్లల ఇళ్లకు ఇక్కడ కేబినెట్లు చేసి పంపమంటే పంపం. మా మిస్త్రీలను పంపమన్నా పంపం. వీడియోలో కొలతలు తీసుకుని డ్రాయింగ్ వేసి ఇస్తాం, అక్కడి ఫిట్టర్‌ను ఏమేం అడగాలో చెబుతాం, ఇక్కడ చేయిస్తేనే బాగుండే కొన్ని చిన్న వస్తువులు చేసి ఇస్తాం. డ్రాయింగ్‌కి ఫీజు 8,000 రూపాయలు. సగం ముందు, సగం డ్రాయింగ్ చేతికిచ్చాక.

ఇప్పుడే ఎందుకు చెబుతున్నానంటే, అడిగేవాళ్లు బాగా పెరిగారు. మన ఊళ్లో ఏ వీధిలో చూసినా నలుగురైదుగురు పిల్లలు బయటి దేశాల్లో ఉన్నారు. ఇల్లు కొంటున్నారు, గృహప్రవేశానికి అమ్మానాన్నలు వెళ్తున్నారు, అక్కడి వంటగది చూసి వాళ్లకు దిగులు పట్టుకుంటోంది. గ్రైండర్‌కి చోటు లేదు, పోపు వేస్తే ఇల్లంతా పొగ, అలారం మోత. అక్కడ వడ్రంగి కూలి వింటే గుండె ఆగిపోతుంది. తిరిగొచ్చి నేరుగా మా షాపుకే వస్తున్నారు: "నువ్వు మా ఇంటికి చేసినట్టే చేసి ఓడలో పడేయ్ బాబూ, బిగించడానికి మీ మనిషిని పంపు, టికెట్ మేమే పెట్టుకుంటాం." అది మా మీద నమ్మకం, నాకు చాలా విలువైనది. అందుకే కాదనడానికి కారణాలు వివరంగా చెప్పాల్సిన బాధ్యత నాది.

మిస్త్రీల సంగతి ముందు. విజిట్ వీసా మీద వెళ్లి కూలికి పని చేయడం అమెరికాలో, ఇంగ్లండ్‌లో చట్టవిరుద్ధం. వారం పనే అయినా, చుట్టాల ఇల్లే అయినా అంతే. పట్టుబడితే మీ అబ్బాయికి ఇబ్బందే, కానీ మా మనిషికి ఇక ఏ దేశమూ వీసా ఇవ్వకపోవచ్చు. నిచ్చెన మీంచి పడితే ఆసుపత్రి ఖర్చు ఎవరిది? మన గంజాం జిల్లా నుంచి గల్ఫ్‌కి, సూరత్‌కి పనికి వెళ్లినవాళ్లు లేని ఊరు నేను చూడలేదు. కేంద్రాపడా జిల్లా పట్టాముండై ప్లంబర్లు దేశమంతా ఉన్నారు, గల్ఫ్‌లోనూ ఉన్నారు. సరైన కాగితాలతో వెళ్లినవాళ్లు ఇల్లు కట్టుకున్నారు. కాగితాలు లేకుండా వెళ్లినవాళ్ల ఇళ్లలో ఏం జరిగిందో మీకూ తెలుసు. పదో తరగతి పాసవని మనిషి గల్ఫ్‌కి పనికి వెళ్లాలంటే 1983 నాటి వలస చట్టం కింద క్లియరెన్స్ తీసుకోవాలి. ఆ నిబంధన పెట్టింది అతన్ని కాపాడటానికే. నా దగ్గర పనిచేసే మనిషి భద్రతను మీ కేబినెట్ కోసం పణంగా పెట్టమంటే నావల్ల కాదు. ఈ విషయంలో దయచేసి బలవంతం చేయకండి.

పైగా వంటగది బిగించడమంటే పెట్టెలు గోడకు తగిలించడం ఒక్కటే కాదు. ఇంగ్లండ్‌లో గ్యాస్ గొట్టం ముట్టుకోవాలంటే గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో, అంటే గ్యాస్ పనివాళ్ల అధికారిక జాబితాలో, పేరున్న మనిషే ముట్టుకోవాలి. కొత్త కరెంటు సర్క్యూట్ లాగితే బిల్డింగ్ రెగ్యులేషన్స్ (ఇళ్ల నిర్మాణ నిబంధనలు) కింద అక్కడి అధికారులకు తెలియజేయాలి. రేపు ఇల్లు అమ్మేటప్పుడు కొనేవాడి లాయరు ఆ సర్టిఫికెట్లే అడుగుతాడు. మా పెద్ద మిస్త్రీ ఎంత పనిమంతుడైనా ఆ కాగితం ఇవ్వలేడు.

ఇక పెట్టెలు. ఓడలో సరుకు పంపేటప్పుడు, పూర్తి కంటైనర్ నిండనప్పుడు, బరువు, అది పట్టే చోటు, ఈ రెంటిలో ఏ లెక్క ఎక్కువైతే దానికి డబ్బు కట్టాలి. బిగించిన కేబినెట్ లోపల ఉండేది ఖాళీయే. విడదీసి పలకలుగా పంపితే చోటు తగ్గుతుంది, కానీ అక్కడ కూర్చేవాడికి మళ్లీ కూలి. పైన కట్టె క్రేటు చేస్తే పురుగులు చావడానికి ఆ కట్టెను లోపలి భాగం కూడా 56 డిగ్రీలకు చేరేలా 30 నిమిషాలు వేడిచేసి (లేదా ఒప్పుకున్న మరో పద్ధతిలో శుద్ధి చేసి), దాని మీద అంతర్జాతీయ ముద్ర వేయించాలి. ముద్ర లేకపోతే రేవులోనే ఆపేస్తారు.

అసలు చిక్కు ప్లైవుడ్‌తో. మన ఉప్పుగాలికి, వర్షాకాలపు చెమ్మకు మేం ఐఎస్ 710 మెరైన్ ప్లై వాడతాం. అది నీటికి తట్టుకుంటుందా అని చూసే ప్రమాణం. అమెరికావాళ్లు అడిగేది వేరు. ప్లైలోని జిగురు నుంచి గదిలోకి ఫార్మాల్డిహైడ్ అనే ఘాటైన వాయువు ఎంత వస్తోంది అని అడుగుతారు. హార్డ్‌వుడ్ ప్లైకి 0.05 పీపీఎం (గాలిలో పది లక్షల భాగాలకు 0.05 భాగం), పార్టికల్ బోర్డుకి 0.09, ఎండీఎఫ్‌కి 0.11 దాటకూడదు. వాటితో చేసిన కేబినెట్ మీద టీఎస్‌సీఏ (అమెరికా రసాయనాల నియంత్రణ చట్టం) టైటిల్ 6 అనే లేబుల్ ఉండాలి. ఆ పరీక్ష మా షెడ్డులో చేసేది కాదు. బోర్డు తయారుచేసే మిల్లుకే ఆ సర్టిఫికెట్ ఉండాలి. మాకు సరుకిచ్చే డీలర్ దగ్గర అది దొరకడం లేదు. లేని లేబుల్ అతికించి పంపే పని నేను చేయను. ఆ చట్టం మంచిదే కూడా. మన దగ్గరా తలుపులు మూసి ఏసీ వేసుకునే ఇళ్లు పెరుగుతున్నాయి, కొత్త ఫర్నిచర్ ఘాటుకు కళ్లు మండుతున్నాయని చెప్పేవాళ్లూ పెరుగుతున్నారు.

"ప్లై వద్దు, టేకు షట్టర్లు (కేబినెట్ తలుపులు) చేసి పంపు" అన్నవాళ్లూ ఉన్నారు. మన ఊళ్లో ఇంకోచోట చేయించి అమెరికా పంపుకున్న ఒకావిడ మొదటి చలికాలం దాటాక నాకు ఫొటో పంపారు. షట్టర్ చట్రానికి, మధ్య పలకకు నడుమ నిలువునా సన్నటి తెల్ల గీత. పాలిష్ చేసినప్పుడు ఆ అంచు చట్రం గాడిలో దాగి ఉంది, రంగు అందలేదు. చలికాలమంతా ఇంట్లో హీటర్ నడిచి గాలి ఎండిపోయేసరికి పలక అడ్డంగా కుంచించుకుని ఆ రంగు పట్టని కట్టె బయటపడింది. సముద్రపు ఒడ్డున మన దగ్గర ఆరబెట్టిన కట్టెలో 12 శాతం చెమ్మ ఉన్నా మంచి కట్టె కిందే లెక్క. చలిదేశాల్లో హీటర్ నడిచే ఇంట్లో అది 6 నుంచి 8 శాతానికి దిగుతుంది. చేసినవాడి పనితనంలో లోపం లేదు, కట్టె గుణమే అది.

కొలతలూ కలవవు. మన వంటగట్టు ఎక్కువగా 32 నుంచి 34 అంగుళాల ఎత్తు. అమెరికాలో 36. కింది పెట్టె 34న్నర, పైన ఒకటిన్నర రాయి. అక్కడి పొయ్యి 30 అంగుళాల వెడల్పు, డిష్‌వాషర్ 24. ఇంగ్లండ్‌లో అంతా మిల్లీమీటర్లే. యూనిట్ వెడల్పు చాలావరకు 600, పెట్టె ఎత్తు 720, దాని కింద 150 ప్లింత్ (అడుగు పీఠం). అక్కడి మెషీన్లన్నీ ఆ ఖాళీలకు సరిపోయేలా వస్తాయి. కాబట్టి పెట్టెలు అక్కడే కొనమనండి. ఐకియా అయినా సరే, ఊళ్లోని చిన్న దుకాణమైనా సరే. పెట్టె మీద డబ్బు తగ్గించుకుని డ్రాయర్ల చానెళ్లు, తలుపుల కబ్జాలు (మడత బందులు) మంచివి పెట్టించమని నా సలహా. రోజూ లాగేది, మూసేది అవే కదా.

మరి మేం చేసేదేమిటి? ముందు కొలతలు. మొన్న లెస్టర్ నుంచి ఒకమ్మాయి, మన పాత కస్టమరు గారి కోడలు, వీడియోలో టేపు పట్టుకుని నిలబడింది. మూల నుంచి ఒక గోడ మీద 3 అడుగులు, రెండో గోడ మీద 4 అడుగులు పెన్సిల్‌తో గుర్తు పెట్టమన్నాను. ఆ రెండు గుర్తుల మధ్య ఏటవాలుగా కొలిస్తే సరిగ్గా 5 అడుగులు రావాలి. ముప్పావు అంగుళం ఎక్కువొచ్చింది. అంటే మూల విచ్చుకుని ఉంది. 8 అడుగుల దూరం పోయేసరికి గోడకు, పెట్టె వెనక భాగానికి మధ్య రెండున్నర అంగుళాల సందు. కౌంటర్ రాయి ఆర్డరిచ్చాక ఇది తెలిస్తే ఎవరేం చేస్తారు? ఆ అమ్మాయి ఓపిగ్గా నాలుగు మూలలూ కొలిచింది. ఇప్పుడు వాళ్ల ఫిట్టర్‌కి ముందే తెలుసు, కౌంటర్ అంచును గోడకు తగ్గట్టు కోయాలని.

తర్వాత పొగ. మన వంటకు ఇదే ప్రాణం, అక్కడ దీన్నే తేలిగ్గా తీసుకుంటారు. చిమ్నీ గొట్టం గోడ బయటికి వెళ్తోందా, లేక పొగను కార్బన్ ఫిల్టర్‌లోంచి లాగి మళ్లీ గదిలోకే వదులుతోందా, ముందు అది అడగండి. అమెరికాలో పొయ్యి మీద మైక్రోవేవ్ బిగించి ఉండే ఇళ్లలో చాలాచోట్ల రెండో రకమే. ఎండుమిరపకాయల పోపుకి, చేపల వేపుడుకి అది చాలదు. ఆవిరి, జిడ్డు ఇంట్లోనే తిరుగుతాయి. ఇంగ్లండ్ నిబంధనల్లో పొయ్యి పైన బయటికి లాగే హుడ్ (మనం చిమ్నీ అనేది) అయితే సెకనుకు 30 లీటర్లు, ఫ్యాన్ ఇంకెక్కడో ఉంటే 60 లీటర్లు లాగాలని ఉంది. అమెరికాలో చాలా రాష్ట్రాల నిబంధనల ప్రకారం 400 సీఎఫ్ఎం (నిమిషానికి 400 ఘనపుటడుగుల గాలి) దాటిన హుడ్ పెడితే, బయటికి పోయిన గాలికి బదులు గాలి లోపలికొచ్చే ఏర్పాటు కూడా చేయాల్సి రావచ్చు. కాబట్టి పెద్ద చిమ్నీ కొనేయమని పిల్లల మీద ఒత్తిడి తేకండి. అపార్ట్‌మెంట్ అయితే బయటి గోడకు కన్నం పెట్టడానికి అనుమతి ఉందో లేదో తేలాకే డ్రాయింగ్ మొదలుపెడతాను.

కరెంటు గురించి అమ్మలకు ఒక మాట. ఇక్కడి మిక్సీ, గ్రైండర్ 230 వోల్టులవి. ఇంగ్లండ్‌లో, దుబాయ్‌లో పిన్ను మారిస్తే నడుస్తాయి. అమెరికాలో గోడ ప్లగ్గు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. అక్కడికి ఇక్కడి గ్రైండర్ మోసుకెళ్లొద్దు, ఆ వోల్టేజికి చేసినవే అక్కడ దొరుకుతాయి. ఇండక్షన్ పొయ్యి పెట్టించుకుంటుంటే ఇత్తడి గిన్నెలు, అల్యూమినియం మూకుళ్లు పనిచేయవు. అడుక్కి అయస్కాంతం అంటుకుంటేనే ఆ గిన్నె పనికొస్తుంది. సూట్‌కేసు సర్దేముందే ఇంట్లో చూసుకోండి. ఇంకొకటి, ఇంగ్లండ్ ఇళ్లలో బట్టల మెషీను వంటగదిలోనే కౌంటర్ కింద ఉంటుంది, ఇంటినీ నీళ్లనూ వేడిచేసే బాయిలర్ కూడా చాలాసార్లు అక్కడే. గ్రైండర్‌కి అనుకున్న చోటు అవే తినేస్తాయి.

రాయి సంగతి. టెక్కలి దగ్గర తీసే శ్రీకాకుళం బ్లూ గ్రానైటు ఎన్నో దేశాలకు ఎగుమతవుతుంది. మన పక్కనే దొరికేది కదా, పలక పంపించు అంటారు. ఒక్క ఇంటి పలకను విడిగా పంపితే దారిలో విరిగే ప్రమాదమే ఎక్కువ. అక్కడి రాయి దుకాణంలో మన గ్రానైటే అడిగి కోయించుకోమనండి. ఆస్ట్రేలియాలో 2024 జూలై 1 నుంచి క్వార్ట్జ్ పలకల్లాంటి ఇంజినీర్డ్ రాయి (రాతి పొడిని జిగురుతో కలిపి చేసేది) నిషేధం. వాటిని కోసేటప్పుడు లేచే సిలికా దుమ్ముతో పనివాళ్ల ఊపిరితిత్తులు పాడవుతున్నాయని అక్కడి ప్రభుత్వాలు నిషేధించాయి. ఆ వార్త చదివినప్పుడు మన దగ్గర ముక్కుకి తువ్వాలు కట్టుకుని పొడిగా రాయి కోసే కుర్రాళ్లు గుర్తొచ్చారు. గ్రానైటులోనూ సిలికా ఉంటుంది. అందుకే మా పనుల్లో రాయి నీళ్లు పోస్తూనే కోస్తారు, మాస్కు తప్పనిసరి. మీ ఇంట్లో నేల తడవడం, పని కాస్త నెమ్మదించడం దీనివల్లే. దాన్ని మాత్రం మార్చను.

ఇక్కడ చేసి ఇచ్చేవి ఇవి: డ్రాయర్ లోపల పోపు డబ్బాలు కదలకుండా ఉండే గళ్ల పలక, గ్రైండర్‌ను కౌంటర్ కిందనుంచి లాగడానికి చక్రాల పీట, విడదీసి సూట్‌కేసులో పెట్టుకునే చిన్న దేవుడి మందిరం. కొలత డ్రాయింగ్‌లోంచే తీసుకుంటాం. ఆస్ట్రేలియా, న్యూజీలాండ్‌కి కట్టె వస్తువు తీసుకెళ్తే విమానాశ్రయంలో ఫారంలో రాసి చూపించాలి, దాచకూడదు.

ఫారిన్ పనుల వల్ల ఊళ్లో పనులు వెనకబడతాయేమోనని కొందరు అడిగారు. పడవు. పగలంతా షెడ్డులో మీ పనులే. ఈ కాల్స్ షాపు మూశాకే, రాత్రి 8:30కి. వేసవిలో అప్పుడు న్యూయార్క్‌లో ఉదయం 11, లండన్‌లో సాయంత్రం 4. ఆస్ట్రేలియావాళ్లకు ఆదివారం ఉదయం 9కి. ఇప్పటికే అడ్వాన్స్ ఇచ్చినవాళ్ల తేదీలు ఏవీ మారవు.

డ్రాయింగ్ కావాలంటే ముందు వీడియో పంపమనండి. గది నాలుగు గోడలూ, కిటికీ, మీటరు బోర్డు, పొయ్యి పైభాగం, అన్నీ పగటి వెలుగులో. సింకు కింద తలుపు తీసి గొట్టాలు, డ్రెయిన్ ఎటు పోతున్నాయో దగ్గర్నుంచి చూపించమనండి. ఇప్పటిదాకా వచ్చిన వీడియోల్లో ఎక్కువమంది వదిలేసింది అదే, సింకు ఎక్కడ పెట్టగలమో తేల్చేదీ అదే.