యుద్ధ పైలట్‌ను సాగనంపే రోజున తప్పులు జరగకూడదు: ఒక విన్నపం

కర్ణాటక సైనిక సంక్షేమ, పునరావాస శాఖ డైరెక్టర్ గారికి,

నమస్కారం.

1965 పాకిస్తాన్ యుద్ధంలో హంటర్, మిస్టేర్, నాట్ యుద్ధవిమానాలు నడిపిన కుర్రాళ్లు ఇప్పుడు ఎనభై దాటిన పెద్దలు. 1971లో నడిపినవాళ్లూ ఆ వయసుకు వచ్చేస్తున్నారు. వాళ్లలో కొందరు ఎక్కిన నాట్, మారుత్ విమానాలు తయారైంది బెంగళూరు విమాన కర్మాగారం హెచ్‌ఏఎల్‌లోనే. ఈ ఊళ్లో స్థిరపడ్డ అలాంటి తెలుగు పెద్దాయన కన్నుమూస్తే, సైనిక లాంఛనాల్లో దొర్లే తప్పులు చిన్నవే. కానీ అన్నీ ముందే ఆపగలిగినవి.

మొదటి చిక్కు టైము. మన ఇళ్లలో తెల్లవారుజామున ప్రాణం పోతే పొద్దుగూకేలోపు దహనం అయిపోవాలంటారు. పిల్లలు విదేశం నుంచి రావాల్సి ఉంటే తప్ప మర్నాటిదాకా ఉంచరు. బ్యూగిల్ ఊదే సైనికుడు, పుష్పగుచ్ఛం, మోసే బృందం రావాలంటే ముందు ఆయన ఎవరో తేలాలి: సర్వీసు నంబరు, రిటైరైన ర్యాంకు, పీపీఓ (పెన్షన్ మంజూరు పత్రం), పతకాలు. ఏడుపుల మధ్య ఆ బీరువా తాళం ఎవరికి గుర్తుంటుంది? కాగితాలు దొరికేసరికి పాడె లేస్తుంది. బతికున్న మనిషిని చావు వివరాలు అడగడం మనకు అశుభం. అందుకే ఏటా నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడే ఒక పేజీ ఫారం కూడా నింపించి మీ దగ్గర ఉంచండి. ఆ నెలలో ఎలాగూ కాగితాలు బయటికి తీస్తారు కాబట్టి ఎవరి మనసూ నొచ్చుకోదు.

దేహం మీద కప్పే జాతీయ జెండా దగ్గర జరిగేన్ని పొరపాట్లు మరెక్కడా జరగవు. జెండా వాడకం నియమావళి అయిన ఫ్లాగ్ కోడ్ ప్రకారం కాషాయం తల వైపు ఉండాలి. అంటే పట్టీలు దేహానికి అడ్డంగా పడాలి: తల దగ్గర కాషాయం, నడుము మీద చక్రం, కాళ్ల దగ్గర ఆకుపచ్చ. చాలాచోట్ల దుప్పటి కప్పినట్టు నిలువుగా పరిచేస్తారు, కాషాయం ఒక భుజం వైపుకు పోతుంది. దీనికి కారణం సైజు. 1800 × 1200 మిల్లీమీటర్ల జెండాను సరైన వైపు వేస్తే పొడవుకు నాలుగడుగులే వచ్చి కాళ్లు బయటపడతాయి, దాంతో తిప్పేస్తారు. తేవాల్సింది 2700 × 1800. అందులో 1800 తల నుంచి కాళ్లదాకా దాదాపు ఆరడుగులు కప్పుతుంది. పక్కలకు మూడడుగులకు పైగా దిగుతుంది కాబట్టి ఆ అంచుల్ని పాడె కర్రల కిందికి మడిచి సన్న తాడుతో కట్టాలి. పిన్నులు గుచ్చొద్దు.

ఇక దింపుడు కళ్లం. పాడెను నేల మీద దించి చెవిలో మూడుసార్లు పిలిచే ఆచారాన్ని వదలమనే హక్కు ఎవరికీ లేదు. జెండా నేలకు తగలనూ కూడదు. దించే చోట రెండడుగుల ఎత్తు బల్ల వేసి ఉంచితే రెండూ నిలుస్తాయి. ఈ మాట పురోహితుడికి, మోసే బృందానికి బయల్దేరకముందే చెప్పాలి, దారిలో వాదన పెట్టుకోకూడదు. దండలు జెండా మీద కాకుండా కాళ్ల వైపు పీట మీద పెట్టాలి. పేలాలు, చిల్లర చల్లేవాళ్లు ముందు నడవాలి.

విల్సన్ గార్డెన్, హెబ్బాళ లాంటి విద్యుత్ శ్మశానవాటికల్లో ట్రే మీదికి ఎక్కించకముందే నలుగురు నాలుగు మూలలు పట్టి జెండా ఎత్తేయాలి. అది మంటలోకి పోకూడదు. సినిమాల్లో చూసే త్రికోణం మడత మనది కాదు. కాషాయం, ఆకుపచ్చ పట్టీలను తెలుపు కిందికి మడిచి, తెల్లపట్టీని రెండు కొసల నుంచి చక్రం వైపు మడవాలి. చక్రం, కొద్దిగా కాషాయం, కొద్దిగా ఆకుపచ్చ పైకి కనిపిస్తాయి. దాన్ని అరచేతుల మీద పెట్టి ఆయన భార్యకో బిడ్డకో అందించాలి. పతకాలూ అప్పుడే ఇచ్చేయాలి. గుండెకు పేస్‌మేకర్ ఉంటే ఆసుపత్రిలోనే తీయించాలి, కొలిమి వేడికి దాని బ్యాటరీ పేలుతుంది. ఎనభై దాటిన మనిషి విషయంలో ఫారంలో మొదట ఉండాల్సిన ప్రశ్న ఇదే.

చివరగా, చదివే రెండు నిమిషాల జీవిత పరిచయం. హంటర్ నడిపినాయన్ని మిగ్ నడిపారని చదివితే పక్కన నిలబడ్డ స్క్వాడ్రన్ మిత్రుడి మొహం చూడలేం. 1971 యుద్ధ పతకాల్లో పూర్వీ స్టార్ ఉంటే తూర్పు రంగం, పశ్చిమీ స్టార్ ఉంటే పడమటి రంగం. ఛాతీ మీది రిబ్బన్లే ఆ సంగతి చెప్తాయి. వీర్ చక్ర వేరు, వాయుసేనా మెడల్ వేరు. ఫ్లయింగ్ లాగ్‌బుక్‌లో తేదీ, విమానం నంబరు, గాల్లో ఉన్న సమయం వరసగా రాసి ఉంటాయి. 1971 డిసెంబరు పేజీని ఫోటో తీసి ఫారంతో జత చేయించండి. 1965 సెప్టెంబరు 7న పాకిస్తాన్‌లోని సర్గోధా వైమానిక స్థావరం మీద దాడిలో నేలకొరిగిన కొడగు బిడ్డ అజ్జమాడ దేవయ్య గారికి మహావీర్ చక్ర 1988లో వచ్చింది. సరైన మాట కాగితం మీద పడడానికి ఇరవై మూడేళ్లు పట్టింది.

ఆ ఫారంతో పాటు ఆదివారం కూడా పలికే ఒక ఫోన్ నంబరు, కన్నడ, తెలుగు భాషల్లో ఒక సూచనల పత్రం ఇప్పించండి. ప్రతి జిల్లా కార్యాలయంలో 2700 × 1800 జెండా ఒకటి, దాంతో పాటు తాడు, రెండడుగుల బల్ల సిద్ధంగా పెట్టించండి.

ఇట్లు,
బెంగళూరులోని మాజీ వాయుసైనికుల తెలుగు కుటుంబాల తరఫున