పగ దగ్గర్నుంచి చూస్తే

సంపాదకులకు,

ఆర్యా,

తక్కువ ఖర్చుతో తీసిన విదేశీ భయానక చిత్రాల గురించి పోయిన ఆదివారం మీ అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. 1972 నాటి అమెరికన్ చిత్రం ‘ది లాస్ట్ హౌస్ ఆన్ ది లెఫ్ట్’ను ప్రస్తావిస్తూ, కూతురిని పొట్టనబెట్టుకున్న వాళ్లను కన్నవాళ్లే చేతులారా చంపుతుంటే చూసేవారి కడుపుమంట చల్లారుతుందన్న అర్థం వచ్చేలా అందులో రాశారు. నేను కోనసీమలో ముప్పై ఏళ్లకు పైగా తెలుగు పాఠాలు చెప్పి రిటైరైన దాన్ని. ఆ సినిమాను ఒక్క ముక్క కూడా వదలకుండా చూశాను. నా కడుపుమంట చల్లారలేదు సరికదా, ఆ రాత్రి అన్నం సహించలేదు. ఎందుకో చెప్పాలనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఈ సినిమా సంగతి నాకు తెలిసింది మొన్న వేసవిలో, కాలువలు కట్టేసిన రోజుల్లో. ఇంటర్ పరీక్షలు రాసి వచ్చిన మా అక్క మనవడూ వాడి స్నేహితులు ముగ్గురూ మా వీధి అరుగు మీద ఒకే ఫోను చుట్టూ తలలు చేర్చి కూర్చున్నారు. మజ్జిగ తీసుకెళ్లి తొంగిచూశాను. ఫోను పట్టుకున్న పిల్లవాడు తెర అడుగునున్న గీతను బొటనవేలితో కుడివైపుకు జరుపుతున్నాడు. చెట్లు, నీళ్లు, ఏడుస్తున్న ఒక ఆడపిల్ల ముఖం, అన్నీ ఆ వేలి కింద పరుగెత్తిపోయి, ఒక ఇంటి లోపల బొమ్మ ఆగింది. “ముందరిదంతా సాగదీతండి మామ్మగారూ, ఇక్కణ్నుంచి చూడండి, ఆ పిల్ల నాన్న రంపం తీస్తాడు” అన్నాడు, ఎంతో మర్యాదగా. గ్లాసులు ఖాళీ చేసి, కడిగి మరీ తిరిగిచ్చిన పిల్లలు వాళ్లు, చెడ్డవాళ్లు కారు. అందుకే ఆ మాట నన్ను ఇంకా కలవరపెట్టింది. ఆ వేలు దాటించేసిన భాగంలో ఏముందో చూడాలని ఆ రాత్రే మావాడి చేత మొదటి నుంచి పెట్టించుకుని, వాణ్ని పడుకోమని పంపించి, ఒక్కదాన్నే చూశాను.

ఇది వెస్ క్రేవెన్ దర్శకుడిగా తీసిన మొదటి కథాచిత్రం. అంతకు ముందు ఆయన కళాశాల అధ్యాపకుడు. లక్ష డాలర్లలోపు ఖర్చుతో తీశారు కాబట్టి పెద్ద సెట్లు, తళుకులు ఏమీ లేవు, బొమ్మ గరుకుగా, ఎవరో పక్కనే నిలబడి తీసినట్టు ఉంటుంది. పదిహేడో పుట్టినరోజుకు తల్లిదండ్రులు కూతురి మెడలో ఒక గొలుసు వేస్తారు. ఆ పిల్ల స్నేహితురాలితో కలిసి పాటల కచేరీకని పట్నం వెళ్లి, జైలు నుంచి తప్పించుకున్న ముఠా చేతిలో పడుతుంది. మర్నాడు కారు చెడిపోయి ఆ ముఠా ఆగిన చోటు, విధి వక్రించి, ఆ పిల్ల సొంత ఇంటికి కూతవేటు దూరంలోని అడవి. అక్కడ ఆ ఇద్దరు పిల్లలకూ జరిగిన దారుణాన్ని నేను ఇక్కడ రాయను. అంతా అయ్యాక మాత్రం ఆ హంతకులు తమ చేతుల వంక చూసుకుంటారు. నెత్తుటికి అంటుకున్న గడ్డిపరకలను ఒక్కొక్కటిగా తీసుకుంటూ, ఒకరి ముఖం ఒకరు చూడలేక నిలబడిపోతారు. చిత్రం మొత్తంలో నాకు నిజమనిపించిన ఘట్టం అదే, మా అరుగు మీది పిల్లలు చూడనిదీ అదే.

అంత మాత్రాన ఆ సినిమాను నెత్తిన పెట్టుకోవాలని నేను అనను. ఆడపిల్ల అవమానం మీద కెమెరా అవసరానికి మించి నిలబడుతుంది. పైగా ఆ పిల్లలు చావుబతుకుల్లో ఉండగా, పెట్రోలు అయిపోయిన ఇద్దరు పోలీసులు కోళ్ల లారీ మీద ఎక్కి పడే తిప్పలను హుషారైన బాణీతో జోడించి చూపించారు. మన సినిమాల్లో కథతో సంబంధం లేని కామెడీ ట్రాకుకు అలవాటు పడిన నాకే అది చెంపదెబ్బలా తగిలింది.

ఇక పగ సంగతి. బట్టలు మార్చుకున్న హంతకులు ఆ రాత్రికి తలదాచుకోవడానికి వెళ్లింది ఆ పిల్ల ఇంటికే. తమ కూతురికి వేసిన గొలుసు ఆ వచ్చినవాళ్లలో ఒక కుర్రవాడి మెడలో తల్లి కంటపడుతుంది. బిడ్డ మెడలో తన చేత్తో వేసిన వస్తువును ఏ తల్లి పోల్చుకోదు? అక్కడ నా ప్రాణం కూడా విలవిల్లాడింది. ఆ తరువాత తల్లి చేసే పని, వృత్తిరీత్యా డాక్టరైన తండ్రి తలుపు గుబ్బకు కరెంటు తీగ చుట్టి, చివరికి రంపం అందుకునే తీరు మీ వ్యాసంలో వివరంగానే ఉన్నాయి. వ్యాసంలో లేనిది ముగింపు. పోలీసు అధికారి వచ్చేసరికి పరిస్థితి చేయి దాటిపోతుంది, నెత్తురోడుతున్న ఆ గదిలో దంపతులిద్దరూ కూలబడి ఉండగా బొమ్మ నిలిచిపోతుంది. గెలిచామన్న మాట ఎవరూ అనరు, బిడ్డ తిరిగి రాదు. ప్రాణం నిలబెట్టడానికి నేర్చిన చేతులు ఆ పని చేశాక మళ్లీ ఏ రోగి నాడి పట్టుకుంటాయి?

ఈ కథ క్రేవెన్ సొంతమూ కాదు. స్వీడన్ దర్శకుడు ఇంగ్మార్ బెర్గ్‌మన్ 1960లో తీసిన ‘ది వర్జిన్ స్ప్రింగ్’ దీనికి మూలం, దానికి మూలం స్వీడన్‌లో తరతరాలుగా పాడుకున్న ఒక జానపద గాథ. అందులో హంతకులు చచ్చిన పిల్ల వస్త్రాన్నే ఆమె తల్లికి అమ్మజూపుతారు. తండ్రి వాళ్లను చంపుతాడు, వాళ్ల వెంట ఉన్న, ఏ పాపమూ ఎరుగని చిన్న పిల్లవాణ్ని కూడా వదలడు. ఆ తరువాత తన రెండు చేతులూ చూసుకుని, ఈ చేతులతోనే ఇక్కడ గుడి కడతానని దేవుడికి మొక్కుకుంటాడు. వందల ఏళ్ల నాటి ఆ గాథను చెప్పుకున్నవాళ్లు సైతం పగను పండగ చేసుకోలేదని దీన్నిబట్టి తెలుస్తోంది.

మనకు అంత దూరం పోనక్కరలేదు. పోతన భాగవతం ప్రథమ స్కంధంలో, నిద్రపోతున్న అయిదుగురు కొడుకులను చంపిన అశ్వత్థామను అర్జునుడు కట్టి తెచ్చి ద్రౌపది ముందు పడేస్తాడు. చంపాల్సిందేనని భీముడు పట్టుబడతాడు. ఆ తల్లి మాత్రం, నా బిడ్డల కోసం నేను పొక్కుతున్నట్టే నీ తల్లి ఎక్కడ ఎలా పొక్కుతున్నదో అని వాపోయి, వదిలేయమంటుంది. ఆ పద్యం చెప్పిన ప్రతి ఏడాదీ తరగతిలో ఎవరో ఒకరు “అలా ఎలా వదిలేస్తారండి?” అని అడిగేవారు. ద్రౌపది ఆగ్రహం తెలియని మనిషి కాదని, సభలో తనకు జరిగిన దాన్ని పదమూడేళ్లు మరవని మనిషే ఆ మాట అన్నదని నేను చెప్పేదాన్ని. అశ్వత్థామకూ శిక్ష తప్పలేదు, తల గొరిగి, శిరోమణి లాక్కుని వెళ్లగొట్టారు. కన్నవాళ్ల కోపం నాకు అర్థం కానిది కాదు. ఆ స్థానంలో ఉంటే నేనేం చేసేదాన్నో ప్రమాణం చేసి చెప్పలేను. కానీ ఆ కోపాన్ని చూసి పక్కన కూర్చున్న మనం ఈల వేయడం వేరే సంగతి.

ఆ ఈల తెర ముందే ఆగిపోదు కూడా. 2019 డిసెంబరులో షాద్‌నగర్ దగ్గర, ఒక యువ వైద్యురాలిపై అత్యాచారం, హత్య కేసులో నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో చనిపోయినప్పుడు జనం పోలీసుల మీద పూలు చల్లారు, మిఠాయిలు పంచుకున్నారు. చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని, నలుగురిలో ముగ్గురు అప్పటికి మైనర్లని సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ 2022లో తేల్చినప్పుడు, ఆ పూలు చల్లినవాళ్లలో ఎంతమంది ఆ వార్త చివరిదాకా చదివారు?

సినిమాను నిషేధించమని నేను అడగడం లేదు. బ్రిటన్‌లో 1974లో దీనికి అనుమతి నిరాకరించారు, కోతలు లేకుండా విడుదల చేయనిచ్చింది 2008లో. ఆ మధ్యకాలంలో దాని మీద మోజు పెరిగిందే గానీ తగ్గలేదు. పద్దెనిమిది నిండనివారికి ఇది తగదన్న ముక్క వ్యాసంలో స్పష్టంగా ఉండాల్సింది, రంపం పట్టుకున్న బొమ్మను అరపేజీ వేయకుండా ఉండాల్సింది. ఇంతకన్నా నాకు పట్టింపైనది ఇంకొకటి ఉంది.

మర్నాడు పొద్దున్న ఆ నలుగురు పిల్లలనూ కూర్చోబెట్టి, చచ్చిపోయిన అమ్మాయి పేరేమిటని అడిగాను. ముఠా నాయకుడి పేరు తడుముకోకుండా చెప్పారు. ఆ పిల్ల పేరు ఒక్కరికీ తెలియలేదు, ఆమెతో పాటు చనిపోయిన స్నేహితురాలు ఒకతె ఉన్నదన్న సంగతే ఇద్దరికి తెలియదు. ఇప్పుడు మీ వ్యాసం కూడా తీసి మళ్లీ చూశాను. దర్శకుడి పేరు, నిర్మాత పేరు, ఆయుధాల పేర్లు అన్నీ ఉన్నాయి, వాళ్ల పేర్లు లేవు. నిజంగా జరిగిన అత్యాచారాల్లో బాధితురాలి పేరు అచ్చు వేయకూడదని చట్టం చెప్పేది ఆమె మర్యాద కాపాడటానికి. కథలోని పిల్ల పేరు పోయింది అందుకు కాదు, ఆమె ఎవరికీ అక్కరలేకపోవడం వల్ల. ఆ పిల్ల పేరు ‘మారి’. ఆమె స్నేహితురాలి పేరు ‘ఫిలిస్’. స్థలాభావం వల్ల ఈ ఉత్తరంలో ఏ భాగం తగ్గించినా ఆ రెండు పేర్లు మాత్రం ఉంచవలసిందిగా మనవి.

నమస్కారాలతో,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయిని,
అమలాపురం.